బ్యాచ్ ఫైల్‌లో యూఆర్ఎల్ పెడితే %20 పోయి 0 మిగులుతోంది

ప్రశ్న:
విండోస్ 10. బ్యాచ్ ఫైల్ (వరసగా నడిపే కమాండ్ల ఫైల్) నుంచి కర్ల్‌కి (యూఆర్ఎల్‌ని తెచ్చే ప్రోగ్రామ్) ఇస్తున్న యూఆర్ఎల్ చివర ఇలా ఉంటుంది (%20 అంటే స్పేస్):

ఊరు=పాత%20గుంటూరు&పేజీ=2

డబుల్ కోట్స్ లేకపోతే ‘పేజీ’ అనే కమాండే లేదంటోంది. కోట్స్ పెడితే ఆ ఎర్రర్ పోయింది గానీ సర్వర్‌కి ‘పాత0గుంటూరు’ అని వెళ్తోంది. % ముందు ^ (తర్వాతి గుర్తుని మామూలు అక్షరంగా చూడమనే గుర్తు) పెట్టినా ఆ 0 పోలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో కోట్స్‌తో పేస్ట్ చేస్తే మాత్రం బాగానే ఉంది.

జవాబు 1:
ఇవి రెండు వేర్వేరు సమస్యలండి.

& కనబడగానే ఒక కమాండ్ అయిపోయింది, ఇంకోటి మొదలైంది అనుకుంటుంది సీఎండీ (కమాండ్లని చదివి నడిపే విండోస్ ప్రోగ్రామ్). దానికి కోట్స్ చాలు, లేదా ^& రాయండి. రెండూ కలపొద్దు. కోట్స్ లోపల ^ మామూలు అక్షరమే, అలాగే సర్వర్‌కి పోతుంది.

% సంగతి వేరు. బ్యాచ్ ఫైల్‌లో %2 అంటే రెండో ఆర్గ్యుమెంట్ (ఫైల్ నడిపేటప్పుడు పక్కన ఇచ్చే విలువ). మీరు ఏదీ ఇవ్వలేదు కాబట్టి ఖాళీ, పక్కనున్న 0 మిగిలింది. ఈ పని ^ని, కోట్స్‌ని చూడకముందే జరిగిపోతుంది, అందుకే అవి పనిచేయలేదు. %%20 అని రాయండి. ప్రాంప్ట్‌లో ఆర్గ్యుమెంట్లు ఉండవు, అక్కడ ఒక్క % చాలు. రెండు పెడితే రెండూ వెళ్తాయి.

పైనున్న ఎకో ఆఫ్ (నడిచే లైన్లని చూపించొద్దనే కమాండ్) తీసేసి నడపండి. % మార్పులు అయ్యాక లైన్ ఎలా తయారైందో కళ్లెదుటే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
కుదిరింది, థాంక్స్. ఇప్పుడు యూఆర్ఎల్స్‌ని టెక్స్ట్ ఫైల్ నుంచి ఫర్ /ఎఫ్ లూప్‌తో ఒక్కో లైన్ చదువుతున్నాను. కౌంటర్ కోసం డిలేడ్ ఎక్స్‌పాన్షన్ (లైన్ నడిచేటప్పుడే !పేరు! స్థానంలో విలువ పెట్టడం) ఆన్ చేశాను. ! ఉన్నవాటిలో ఆ గుర్తు ఎగిరిపోతోంది. ఫైల్‌లో కూడా %% పెట్టాలా?

జవాబు 2:
అక్కర్లేదు. ఫైల్ నుంచి వచ్చిన %ని మళ్లీ ఎవరూ చూడరు. ! పోవడానికి కారణం, %%ఎ (లూప్ వేరియబుల్) లోకి విలువ వచ్చిన తర్వాతే డిలేడ్ ఎక్స్‌పాన్షన్ జరగడం. లైన్‌లో ! ఉంటే ^ కూడా పోతుంది.

లూప్ మొదట్లో డిలేడ్ ఎక్స్‌పాన్షన్ ఆఫ్‌లోనే ఉంచండి. సెట్ "లైన్=%%ఎ" రాసి, కౌంటర్‌ని సెట్ /ఎ (లెక్కలు చేసే సెట్) తో అక్కడే పెంచండి. ఆ తర్వాత సెట్‌లోకల్‌తో (ఎండ్‌లోకల్ దాకా మార్పుల్ని విడిగా ఉంచే కమాండ్) ఆన్ చేసి "!లైన్!" వాడండి, చివర ఎండ్‌లోకల్. అది మర్చిపోతే సెట్‌లోకల్ 32 అంతస్తులు దాటాక ఎర్రర్ ఇస్తుంది. కౌంటర్‌ని ఆన్ చేశాక పెంచితే ఎండ్‌లోకల్ దగ్గర పాత అంకెకే వస్తుంది.

ఫర్ /ఎఫ్‌లో డెలిమ్స్= (లైన్‌ని ఏ గుర్తు దగ్గర విడగొట్టాలో చెప్పేది) ఖాళీగా ఇచ్చారా? లేకపోతే మొదటి స్పేస్ దగ్గరే లైన్ తెగుతుంది.

జవాబు 3:
ఇంకోటి. ఎకో అవుట్‌పుట్‌ని | (పైప్) తో ఫైండ్‌స్ట్ర్‌కి (టెక్స్ట్ వెతికే కమాండ్) పంపితే ^& సరిపోదు. పైప్‌లో ఎకో ఉన్న వైపు కొత్త సీఎండీ లేచి ఆ ముక్కని మళ్లీ చదువుతుంది, కాబట్టి ^^^& కావాలి. కోట్స్‌లో ఉంటే ఈ గొడవ లేదు.