బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్‌పై ప్రైవేటు కేసు: వకీలు ఖర్చు ఎవరు భరిస్తారు?

ప్రశ్న: మా తమ్ముడు ఆంధ్రప్రదేశ్‌లో సివిల్ కానిస్టేబుల్. ఊరేగింపు బందోబస్తులో గుంపును చెదరగొట్టమని పై అధికారి ఆదేశించినప్పుడు ఒకాయనకు చెయ్యి విరిగింది. ఆయన మా తమ్ముడి పేరు పెట్టి మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేశారు, నిన్న నోటీసు అందింది. ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడవదని స్టేషన్‌లో ధైర్యం చెబుతున్నారు. అది నిజమేనా? వకీలు ఫీజు డిపార్ట్‌మెంట్ ఇస్తుందా?

జవాబు: స్టేషన్‌లో చెప్పిన మాటను నమ్ముకుని ఊరుకోకండి. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 218వ సెక్షన్, అంటే పాత సీఆర్పీసీలోని 197, అనుమతి లేకుండా కేసు నడవదన్న రక్షణను ప్రభుత్వ అనుమతి లేకుండా ఉద్యోగం నుంచి తొలగించడానికి వీలులేని వారికే నేరుగా ఇస్తుంది. కానిస్టేబుల్‌ను జిల్లా ఎస్పీయే తొలగించగలరు కాబట్టి ఆ రక్షణ ఆయనకు దానంతటదే రాదు. నాగరాజ్ వర్సెస్ మైసూరు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు సబ్ ఇన్‌స్పెక్టర్ విషయంలో కూడా ఇదే చెప్పింది. శాంతిభద్రతల బలగాలకు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఈ రక్షణను వర్తింపజేయవచ్చు, అలాంటిది అమలులో ఉందేమో వకీలుచేత చూపించుకోండి.

మీ తమ్ముడికి అసలు ఆసరా అదే సంహితలోని 151వ సెక్షన్. చట్టవిరుద్ధ గుంపును చెదరగొట్టే క్రమంలో చేసిన పనిపై రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ నడపకూడదని అది చెబుతుంది, అందులో హోదా తేడా లేదు. అయితే ఆదేశం ఎవరిచ్చారన్నది ముఖ్యం: కార్యనిర్వాహక మేజిస్ట్రేటుగానీ, స్టేషన్ అధికారిగానీ, ఆ అధికారి లేనప్పుడు ఎస్సై హోదాకు తగ్గని అధికారిగానీ ఇచ్చి ఉండాలి. అందుకే బందోబస్తు ఉత్తర్వు, ఆ రోజు జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజువారీ సంఘటనలు రాసే పుస్తకం) నమోదుల నకళ్లు ఇప్పుడే సంపాదించండి. నోటీసు 223వ సెక్షన్ కింద వచ్చినదైతే, కోర్టు కేసును స్వీకరించకముందే సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఆయనకు ఉంది, పై అధికారి నివేదిక కూడా కోర్టుకు చేరాలి. ఈ దశను వదులుకోవడం పెద్ద నష్టం.

ఖర్చు సంగతికి వస్తే, విధి నిర్వహణలో చేసిన పనిపై కేసు ఎదుర్కొన్న ఉద్యోగి ఆ ఖర్చును ప్రభుత్వ నిధి నుంచి కోరవచ్చునన్న భావన రాజ్యాంగం 320వ అధికరణంలోనే ఉంది. కేంద్ర ఉద్యోగులకు 1959 నాటి హోం శాఖ ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వమే వాదన చేపట్టవచ్చు, లేదా ఉద్యోగి గెలిచాక సమంజసమైన ఖర్చు తిరిగి ఇవ్వవచ్చు. ప్రభుత్వమే పెట్టిన కేసుకు ఈ సాయం ఉండదు. మీ తమ్ముడు రాష్ట్ర ఉద్యోగి కనుక, ఇలాంటి సాయం కోరుతూ ఎస్డీపీఓ (సబ్ డివిజన్ పోలీసు అధికారి) ద్వారా ఎస్పీ గారికి దరఖాస్తు పెట్టుకుని, ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే తపాలు సెక్షన్‌లో నకలుపై ముద్ర వేయించుకోవాలి. ఫీజు రశీదులన్నీ దాచుకోమనండి.

ప్రశ్న: చాలా ధన్యవాదాలండీ. శాఖాపరమైన విచారణకు ఛార్జి మెమో (అభియోగ పత్రం) కూడా ఇచ్చారు. అక్కడికి వకీలును తీసుకెళ్లవచ్చా?

మరొకరి జవాబు: సాధారణంగా వీలుకాదండీ. రాష్ట్ర ఉద్యోగుల క్రమశిక్షణ చర్యలకు సంబంధించిన 1991 నాటి సీసీఏ నియమాల 20వ నియమం ప్రకారం ఆయన మరో ప్రభుత్వ ఉద్యోగి సాయం తీసుకోవచ్చు. శాఖ తరఫున వాదించేవారు న్యాయవాది అయినప్పుడు, లేదా క్రమశిక్షణాధికారి అనుమతించినప్పుడు మాత్రమే వకీలు రావచ్చు. ఇంకొక్క మాట, మెమోకు ఇచ్చే వివరణను కోర్టు వకీలు చదివాకే దాఖలు చేయించండి, ఎందుకంటే అక్కడ తొందరలో రాసిన ఒక్క వాక్యం ఫిర్యాదుదారు చేతికి చిక్కితే కోర్టులో దాన్ని మీ తమ్ముడి మీదే ప్రయోగిస్తారు.