తినడం మానేసిన పిల్లకు ముందు అన్నమా, ముందు మాటా?

మేనమామ_గుంటూరు
మా అక్క కూతురు పదో తరగతి. దసరా తర్వాత శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది. వాళ్ల నాయనమ్మ మురిసిపోయింది. తర్వాత గురువారం చేరింది, ఆపైన సోమవారం. ఇప్పుడు మిగతా రోజుల్లోనూ సరిగా తినడం లేదు. అడిగితే గ్యాస్ అంటుంది, కడుపు నిండుగా ఉందంటుంది. లావవుతానన్న మాట ఒక్కసారీ అనలేదు. ఒక్క ఇడ్లీని చిదుపుతూ ముప్పావుగంట కూర్చుంటుంది. వంట మాత్రం ఇంటిల్లిపాదికీ తనే చేస్తానంటుంది, మాకు కొసరి కొసరి వడ్డిస్తుంది. ఇంత ఎండల్లో స్వెటర్ వేసుకుంటోంది. నెలసరి ఆగిపోయింది.

మానసిక వైద్యుడు ఇది అనొరెక్సియా, అంటే తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బు అన్నారు. ప్రతి పూటా తల్లిదండ్రులే పక్కన కూర్చుని తినిపించాలి, పిల్ల ఇష్టానికి వదలకూడదు అన్నారు. కౌన్సెలర్ మాత్రం తిండి ఊసే ఎత్తవద్దు, లోపలి బాధ బయటపడితే తిండి దానంతటదే వస్తుంది అన్నారు. ఇద్దరి మాటా ఒకేసారి వినలేం. అనుభవం ఉన్నవారు చెప్పండి.

శ్రీదేవి_న్యూజెర్సీ
వైద్యుడి మాట వినండి. రెండో ఆలోచన వద్దు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లప్పుడు ఇదే జబ్బు. మీరు రాసిన ప్రతి లక్షణమూ, ఆ వంట ఆరాటంతో సహా, మా ఇంట్లో చూశాను. ఇవన్నీ మనసులోని ఏదో రహస్య గాయానికి గుర్తులని అనుకుంటాం. చాలావరకు ఇది ఆకలి చేసే పని.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు 24 వారాల పాటు అరకొర తిండి పెట్టి చూశాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్నవారు స్వచ్ఛందంగా ఒప్పుకున్న ప్రయోగం అది. ఒంటికీ మనసుకూ ఏ లోపమూ లేనివారినే ఏరి తీసుకున్నారు. బరువులో నాలుగో వంతు పోయేసరికి వాళ్లలో కొందరు వంటల పుస్తకాలు పోగుచేయసాగారు. కంచంలోది ముక్కలు ముక్కలు చేసి సాగదీసుకుని తిన్నారు. వేసవిలోనూ చలి అన్నారు. దిగులు, చిరాకు, నలుగురిలో కలవలేకపోవడం. వాళ్లకు ఏ గాయం ఉందని?

అంత ఆకలితో ఉన్న మెదడుకు కౌన్సెలింగ్ ఎక్కదు. మేం చేసింది లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్స. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పూర్తిగా అమ్మానాన్నలు చూసుకుంటారు. బరువు వచ్చాక కొద్దికొద్దిగా పిల్ల చేతికి అప్పగిస్తారు. చదువు, స్నేహాలు, పెద్దవడంలోని కష్టాలు మూడో దశలో. 2010లో అచ్చయిన పరిశోధనలో 121 మంది పిల్లలను రెండు జట్లు చేసి చూశారు. చికిత్స ముగిసిన ఏడాదికి కుటుంబ చికిత్స జట్టులో 49 శాతం మంది, పిల్లతో విడిగా మాట్లాడే చికిత్స జట్టులో 23 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

సుబ్బారావు_రిటైర్డ్
మా రోజుల్లో ఈ జబ్బు పేరే వినలేదు. ఫోను లాక్కోండి, అదే తింటుంది.

కర్నూలు_డాక్టర్
సుబ్బారావు గారూ, లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసేగ్ అనే వైద్యులు 1873లోనే ఇలాంటి రోగుల గురించి చెప్పారు. ఇది ఫోన్లతో పుట్టిన జబ్బు కాదు.

మేనమామ గారూ, మా వాదనలు తర్వాత చదువుదురు గాని, ముందు ఈసీజీ తీయించండి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ చూపించండి. నాడి బాగా నెమ్మదించినా, లేవగానే కళ్లు తిరుగుతున్నా ఆసుపత్రిలో చేర్చవలసి రావచ్చు. చాలాకాలం సరిగా తినని ఒంట్లోకి ఒక్కసారిగా ఎక్కువ తిండి వెళితే ఫాస్ఫరస్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. కాబట్టి మొదటి రోజుల్లో తినిపించడం వైద్యుల కనుసన్నల్లోనే జరగాలి. లావు భయం పైకి చెప్పడం లేదు కదా అని జబ్బు కాదనుకోకండి. హాంగ్‌కాంగ్‌లోనూ మన దేశంలోనూ గ్యాస్, కడుపుబ్బరం మాత్రమే చెప్పే రోగులను వైద్యులు 1990లలోనే గుర్తించారు.

నీలాంబరి
శ్రీదేవి గారూ, మీరు ఇంత రాశారు, ఇందులో పిల్ల ఎక్కడ ఉంది?

నేను ఒకప్పుడు ఆ పిల్లనే. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో మొదలైంది. పరీక్ష పెట్టిన ప్రతిసారీ ర్యాంకుల జాబితా గోడకు అతికించేవారు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు చదవాలో, ఎప్పుడు ఇంటికి ఫోన్ చేయాలో అన్నీ వాళ్లే చెప్పేవారు. నా చేతిలో ఉన్నది తిండి ఒక్కటే అనిపించింది. సన్నబడ్డాక ఇంటికి తీసుకొచ్చి, అచ్చం మీరు చెప్పినట్టే, అమ్మా పిన్నీ చెరోపక్క కూర్చుని తినిపించారు. బరువు పెరిగింది. డాక్టర్ ఇక రానక్కర్లేదన్నారు. చుట్టాలు మొహంలో కళ వచ్చిందన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లు ఎవరికీ తెలియకుండా అతిగా తినడం, కక్కేయడం. బరువు మామూలుగా ఉంది కనుక ఎవరూ కనిపెట్టలేదు. 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు ఈ జబ్బుకు బులీమియా నెర్వోసా అని పేరు పెట్టినప్పుడే, తన రోగుల్లో చాలామందికి అంతకుముందు అనొరెక్సియా ఛాయలు ఉన్నాయని రాశారు. బరువు వచ్చింది కాబట్టి జబ్బు పోయిందనుకుంటే నాలాంటివాళ్లు తయారవుతారు.

ఇక మీ మిన్నెసోటా. ఆ 36 మందికి తిండి పెట్టగానే తిన్నారు, ఇంకా కావాలన్నారు. మేనమామ గారి మేనకోడలికి కంచం ముందున్నా చేయి కదలదు. ఆ తేడాకు ఆకలి కారణమవుతుందా? పైగా వాళ్లందరూ మగవాళ్లు.

శ్రీదేవి_న్యూజెర్సీ
మగవాళ్లయితే ఏమిటి? ఆకలికి ఆడా మగా తేడా ఉంటుందా? మెదడు మెదడే. నా వాదనలో మీకు దొరికిన లోపం ఇదేనా?

విజయనగరం_కుర్రాడు
నేను మగవాణ్ణే, నాకూ వచ్చింది. జిమ్‌లో మొదలైంది. ఒళ్లు తగ్గిపోతుంటే మా ఊళ్లో టీబీ పరీక్షలు చేసి పంపేశారు. ఇది ఆడపిల్లల జబ్బని రాయకండి, దయచేసి.

నీలాంబరి
తమ్ముడూ, అది నా ఉద్దేశం కాదు. శ్రీదేవి గారూ, మగవాళ్ల సంగతి పట్టుకుని అసలు ప్రశ్న వదిలేశారు. పెట్టినా తినలేకపోవడం ఎందుకు?

శ్రీదేవి_న్యూజెర్సీ
అదే జబ్బు. ఎందుకు అని తెలియకపోయినా వైద్యం చేయవచ్చు. మీది ఒక్కరి అనుభవం, నేను చెప్పింది 121 మంది లెక్క.

నీలాంబరి
ఆ లెక్కే చూద్దాం. 49 శాతం కోలుకున్నారంటే సగానికి పైగా పూర్తిగా కోలుకోలేదు. వాళ్ల గురించి ఒక్క మాట రాయరేం? 1987లో మాడ్‌స్లీ వైద్యులు వేసిన మొదటి లెక్కలోనూ, జబ్బు చిన్న వయసులో మొదలై మూడేళ్లు దాటనివారికే కుటుంబ చికిత్స స్పష్టంగా మేలు చేసింది. అందరికీ కాదు.

నన్ను నిలబెట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫెయిర్‌బర్న్ అనే మానసిక వైద్యుడు రూపొందించిన పద్ధతి. ఒక నోటు పుస్తకం ఇచ్చారు. ఎన్ని గంటలకు, ఏం తిన్నాను, ఎక్కడ కూర్చుని తిన్నాను, కక్కానా లేదా, ఆ నిమిషంలో మనసులో ఏముంది, అన్నీ అప్పటికప్పుడే రాయాలి. రోజూ మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి, ఆకలి ఉన్నా లేకున్నా ఆ వేళకే. కొన్ని పేజీలు నిండాక నాకే కనబడింది: ఇంటి నుంచి ఫోన్ వచ్చిన సాయంత్రాల్లోనే నేను అతిగా తింటున్నాను. ఇది ఎవరు తినిపించినా తెలిసేది కాదు.

శ్రీదేవి_న్యూజెర్సీ
మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి. అంటే మీ చికిత్స కూడా తిండితోనే మొదలైంది! నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా.

నీలాంబరి
పుస్తకం నాది, రాత నాది. మా ఇంట్లో పెట్టిన కంచం నాది కాదు. పక్కన కూర్చుని తినిపించడం తల్లులకు ఎందుకు అంత నచ్చుతుందో చెప్పనా? ముద్ద దిగితే చాలు, పిల్లను అడగవలసినది ఏదీ అడగనక్కర్లేదు.

శ్రీదేవి_న్యూజెర్సీ
నచ్చుతుందా? అర్ధరాత్రి దాకా ఒక్క గ్లాసు పాల కోసం ఎదురుగా కూర్చోవడం, కన్నకూతురు ‘నువ్వంటే నాకు అసహ్యం’ అంటుంటే కదలకుండా ఉండడం నచ్చుతుందా? మీకు మీ అమ్మగారి మీద కోపం ఉంటే ఆవిడతో తేల్చుకోండి. లోకంలోని తల్లులందరి మీదా చూపకండి.

నిర్వాహకులు
వ్యక్తిగత విషయాల జోలికి వెళ్లవద్దు. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాం.

నీలాంబరి
మూసేయండి, కానీ ఇది రాశాక. పెద్దమ్మ కూతురి పెళ్లికి జాకెట్ కుట్టించడానికి దర్జీ దగ్గరికి వెళ్లాం. ఆయన టేపు చుట్టి, కొలత కాగితం మీద రాసుకునే కుర్రాడికి వినబడేలా పైకి చదివాడు. అమ్మ నవ్వి, ‘దీనికి ముక్క గుడ్డ సరిపోదు, తాను మొత్తం కొనాలి’ అంది. కుర్రాడూ నవ్వాడు. నాకు జబ్బు ఆ మాట వల్ల వచ్చిందని నేను అనడం లేదు. ఆ దుకాణంలో నాతో పాటు నిలబడ్డ అక్క కూడా అలాంటి మాటలు విన్నది, తనకు ఏమీ కాలేదు. కానీ ఆ రోజు గురించి చెప్పుకునే చోటు నా మొదటి చికిత్సలో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు. బరువు ఎంత అని మాత్రమే అడిగారు.

శ్రీదేవి_న్యూజెర్సీ
అయితే నేనూ చెబుతాను. మేం మొదట వెళ్లిన కౌన్సెలర్ మొదటి రోజే నన్ను విడిగా కూర్చోబెట్టి, ‘మీరు డైటింగ్ చేసేవారా? పిల్లను గుప్పిట్లో పెట్టుకునే అలవాటు ఉందా?’ అని అడిగింది. మా ఆయనను ఒక్క ప్రశ్నా అడగలేదు. తల్లి దూరంగా ఉంటే పిల్ల తనంతట తాను తింటుందని చెప్పింది. ఉన్నాను. కంచం వైపు చూడకుండా, తిన్నావా అని అడగకుండా ఒక చలికాలం మొత్తం గడిపాను. అది స్కూలు మెట్ల మీద పడిపోయింది. ఆసుపత్రిలో గుండె కొట్టుకునే తీరు తెర మీద చూసి నర్సు పరుగెత్తింది. లోపలి కారణం వెతుకుదాం అని ఎవరన్నా నాకు వినబడేది ఒక్కటే: తల్లి ఏం చేసింది? ఇంతసేపూ మీ పోస్టుల్లో నేను చదువుతున్నది అదే ప్రశ్న.

కర్నూలు_డాక్టర్
ఆ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1970లలో అమెరికాలో హిల్డె బ్రూక్, మినూచిన్ లాంటి పేరున్న మానసిక వైద్యులు ఈ జబ్బును కుటుంబ సంబంధాల నుంచే వివరించారు. ఆ వివరణ తల్లుల మీద నిందగా స్థిరపడిపోయింది. 2010లో ఈ జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం, కుటుంబమే ప్రధాన కారణమన్న వాదనకు ఆధారం లేదనీ, చిన్నవయసు రోగుల్లో చాలామంది చికిత్సలో కుటుంబం ఉండాలనీ ప్రకటించింది. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులు చూసిన పరిశోధనలో ఈ జబ్బుతో ముడిపడిన ఎనిమిది చోట్లు దొరికాయి. మనోవ్యాధులతోనే కాక ఒంటి జీవక్రియతో కూడా సంబంధం కనబడింది. ఏదీ తప్పు లేకుండా జరగాలన్న పట్టుదల, ఆందోళనపడే స్వభావం చాలామందిలో జబ్బుకు ముందే ఉంటాయి. అలాంటి పిల్లల్లో కొందరికి తిండి తగ్గించగానే ఆందోళన తగ్గినట్టుంటుంది. నీలాంబరి గారూ, పెట్టినా ఎందుకు తినలేరని అడిగారు కదా, నేను చూసినంతలో అందులో పెద్ద భాగం ఇదే: ముద్ద ఎత్తగానే ఆ ఆందోళన తిరిగి వస్తుంది.

నీలాంబరి
డాక్టరు గారూ, ఈ మాట ఇరవై ఏళ్ల వయసులో ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది.

శ్రీదేవి గారూ, మెట్ల సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నా మాట మార్చుకోను. దోషి ఎవరో తేల్చమని నేను అడగడం లేదు. మీ అమ్మాయితో తిండి, బరువు కాకుండా ఇంకేదైనా ఎవరైనా మాట్లాడారా?

శ్రీదేవి_న్యూజెర్సీ
మూడో దశలో మాట్లాడారు. తలుపు వేసుకుని. అది ఏం చెప్పిందో నాకు తెలియదు, నేను అడగలేదు. బరువు నిలిచాకే మాట్లాడగలిగింది, అంతకుముందు రెండు వాక్యాలు కుదురుగా చెప్పలేకపోయేది.

మేనమామ_గుంటూరు
అందరికీ నమస్కారం. డాక్టరు గారి మాట విని పరీక్షలు చేయించాం. నాడి బాగా నెమ్మదిగా ఉందని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇప్పుడు ఫర్వాలేదు, అక్క పక్కనే ఉంటోంది. ఇంకో సందేహం. జూన్‌లో చేరేలా రెసిడెన్షియల్ కాలేజీకి బావగారు ముందే డబ్బు కట్టేశారు. సీటు వదులుకోవడానికి మనసు రావడం లేదు. పంపవచ్చా?

కర్నూలు_డాక్టర్
వద్దు. డబ్బు పోతే పోయింది. ఆమెను ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మళ్లీ ఎప్పుడు చూపించాలో రాయించుకోండి, పక్కాగా చూపించండి. మధ్యలో మీకే దిక్కుతోచకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

నీలాంబరి
పంపకండి. అయితే ఈ నిర్ణయం పెద్దవాళ్లు గదిలో తీసుకుని ఆమెకు వచ్చి చెప్పకండి. ఆ సీటు తనకు కావాలనుకుందా, మీకోసం ఒప్పుకుందా, అది అడగండి.

శ్రీదేవి_న్యూజెర్సీ
పంపవద్దన్నది సరే. మెస్ వరుసలో ఎవరు తిన్నారో ఎవరు మానేశారో చూసే నాథుడు ఉండడు. కానీ అడగడం దగ్గర ఒప్పుకోను. నాడి ఆ స్థితిలో ఉన్న పిల్లను అడిగితే జబ్బే జవాబు చెబుతుంది, ఖాళీ కడుపుతో దూరంగా ఉండే చోటే కోరుకుంటుంది. ఈ ఏడాదికి పెద్దవాళ్లే తేల్చాలి. వచ్చే ఏడాది అడగండి.

నీలాంబరి
జవాబు ప్రకారం చేయమనలేదు, అడగమన్నాను. ఏ వయసు దాకా, ఎంత బరువు దాకా పిల్ల మాటను జబ్బు మాటగా లెక్కించాలో మీరు చెప్పాలి. దీనికి వేరే చర్చ తెరుస్తున్నాను, అక్కడికి రండి.