కొండలెక్కడానికి తేలికైన బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఏది బెటర్?

అందరికీ నమస్తే. నేనుండేది కొలరాడోలో, గ్రీన్ కార్డ్ వచ్చింది, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా అయిపోయింది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట బందే కదా, అందుకే ఇంట్లో ఈ విషయంలో అడగడానికి ఎవరూ లేరు, మీరే దిక్కు.

పోయిన సీజన్లో ఫ్రెండ్ రైఫిల్ అడిగి తీసుకెళ్లా, స్కోప్‌తో (గురి చూసే దుర్భిణి) కలిపి దాదాపు 10 పౌండ్లు, 10 వేల అడుగుల ఎత్తులో ఎల్క్ (పెద్ద జాతి జింక) కోసం పొద్దంతా తిరిగేసరికి భుజం పడిపోయింది, ఎల్క్ మాత్రం కనబడలేదు (అది వేరే బాధ). ఇప్పుడు సొంతంగా కొందామని, స్కోప్ కాకుండా 1000 డాలర్ల లోపు.

టిక్కా టీ3ఎక్స్ లైట్ షాపులో పట్టుకుని చూశా, ఆరున్నర పౌండ్ల లోపే, బోల్ట్ (తూటా ఎక్కించడానికి చేత్తో లాగే భాగం) వెన్నలా జారుతోంది, కానీ మ్యాగజైన్‌లో మూడే తూటాలు. రూగర్ అమెరికన్ బాగా చవక, బోల్ట్ కాస్త గరగరలాడింది, మిగిలిన డబ్బు మంచి స్కోప్ మీద పెట్టొచ్చు అని ఆశ. గురి విషయంలో నిజంగా అంత తేడా ఉంటుందా?

ఇంకోటి, రైఫిల్ తేలికైతే తన్నుడు ఎక్కువంటారు కదా, నేనేమో 62 కిలోల మనిషిని. తూటా రకం 6.5 క్రీడ్‌మూర్ అయితే భుజానికి హాయి, ఎల్క్‌కి 308 అయితే ధైర్యం. 250 గజాలు దాటి నేనెలాగూ కాల్చను. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్, సెకండ్ హ్యాండ్‌లో కొంటే బ్యారెల్ ఎలా చూసుకోవాలో కూడా.