రాకెట్ ముక్క 14 సెకన్లు ముందే వచ్చేసింది, ఎందుకన్నా?

అన్నా, తిరుపతిలో మా మిద్దె మీద నుంచి బైనాక్యులర్స్‌తో భూమి చుట్టూ తిరిగే ఒక పాత రాకెట్ బాడీ చూసినా, యాప్‌లో చూపించిన టైం కంటే 14 సెకన్లు ముందే వచ్చేసింది, దారి మాత్రం కరెక్టే. ఫోన్ టైం తప్పా?

— యాప్ వాడే టీఎల్ఈ (అంటే ఆ ముక్క కక్ష్య లెక్కలు) ఎన్నాళ్ళది? కింది కక్ష్యలో గాలి రాపిడికి ఎత్తు తగ్గుతాది, తగ్గితే స్పీడ్ పెరిగి ముందే వస్తాది. సూర్యుడు చురుగ్గా ఉంటే పైగాలి ఉబ్బి ఇంకా ఎక్కువ.

— తొమ్మిది రోజులదన్నా.

— అదే మరి! కొత్తది దించుకో. ఆ కక్ష్య లెక్కలు నువ్వే సరిచేయాలంటే రెండు నక్షత్రాల మధ్య గీత దాటేటప్పుడు స్టాప్‌వాచ్ నొక్కు, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతాది, అర సెకను తప్పితే దాదాపు 4 కిలోమీటర్లు పాయె. ఒక్క పాస్ (ఒకసారి మీద నుంచి పోవడం) చాలదు, మూడు నాలుగు రాత్రులు కావాల.

— ఊర్లో లైట్లెక్కువ, చంద్రగిరి దాటి పో తమ్ముడూ.