కఫం తయారీనే ఆపేయాలా, పలచబరిస్తే చాలా?

కణాంకురం:
ఆస్తమా ఉన్నవాళ్లకు కఫం కరిగించే మందులు ఇస్తూ కూర్చోవడం ఎందుకు? ఆ జిగురుకు కారణం మ్యూసిన్ ప్రొటీన్లు. వాటి తయారీనే ఆపేస్తే పని అయిపోతుంది కదా.

రైబోజోమ్:
ఏ మ్యూసిన్‌ని ఆపమంటారు? శ్వాసనాళాల్లో జెల్ కట్టేవి ముఖ్యంగా రెండు: మక్5ఏసీ, మక్5బీ. జన్యువులు 11వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి కానీ పనులు వేరు. 2014లో వచ్చిన పరిశోధనలో మక్5బీ లేని ఎలుకల్లో శ్లేష్మాన్ని పైకి నెట్టే వ్యవస్థే దెబ్బతింది, ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా పేరుకుంది. మక్5ఏసీ లేనివాటికి ఆ గతి పట్టలేదు. రెండూ ఆపేయాలంటే మాత్రం నేను అస్సలు ఒప్పుకోను.

కణాంకురం:
అయితే మక్5ఏసీ ఒక్కటే ఆపుదాం. ఆస్తమాలో ఐఎల్-13 అనే వాపు సంకేత ప్రొటీన్ పెంచేది దాన్నే.

గ్లైకాన్:
ఇద్దరూ ఎంత తయారవుతోందన్న దగ్గరే ఆగిపోయారు. తయారయ్యాక ఏమవుతుందో కూడా చూడండి. ఈ ప్రొటీన్ల తోక కొసలు, కణంలో ప్రొటీన్లు మడతపడే ఈఆర్‌లో డైసల్ఫైడ్ బంధాలతో (రెండు గంధక పరమాణువుల జోడింపుతో) జతకడతాయి. కణంలో తర్వాతి మజిలీ అయిన గాల్జీలో, అమైనో ఆమ్లాలైన సెరిన్, థ్రియోనిన్‌లకు చక్కెర గొలుసులు తగులుకుంటాయి. చివరికి అణువు బరువులో సగానికి పైగా చక్కెరలే. తల కొసలూ అక్కడే కలిసి పొడవాటి గొలుసులవుతాయి. తర్వాత కాల్షియం, ఆమ్లత్వం వల్ల కణంలోని గుళికల్లో ముడుచుకుని ఉంటాయి. బయటికి రాగానే బైకార్బనేట్ ఆ కాల్షియాన్ని లాగేయాలి, అప్పుడే అవి నీరు పీల్చి వందల రెట్లు ఉబ్బుతాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో, కణం పొర మీద లవణాలను బయటికి పంపే సీఎఫ్‌టీఆర్ ఛానల్ చెడిపోయి బైకార్బనేట్ సరిగా రాదు. మ్యూసిన్ జన్యువుల్లో లోపమేమీ లేకపోయినా శ్లేష్మం బంకలా అతుక్కుపోతుంది! ఆ ఛానల్‌ని సరిచేసే మందులతో రోగులకు ఊపిరి తేలికైంది. అక్కడ మ్యూసిన్ తయారీని ఎవరూ ఆపలేదు.

రైబోజోమ్:
సిస్టిక్ ఫైబ్రోసిస్ వరకు మీ మాట నిజం. ఆస్తమాలో మక్5ఏసీ నాళం గోడకే అతుక్కుని బిరడాలా అడ్డుపడుతుంది. డైసల్ఫైడ్ బంధాలను తెంచే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు ఉంది కానీ దాని బలం తక్కువ, పైగా పీలిస్తే ఆస్తమా ఉన్నవాళ్లకు నాళాలు బిగుసుకోవచ్చు. అలాగని మక్5ఏసీని సున్నా చేయడమూ నాకు ఇష్టం లేదు. అది ఎక్కువగా ఉన్న ఎలుకలు ఇన్‌ఫ్లుయెంజాను బాగా తట్టుకున్నాయి.

కణాంకురం:
మరి మధ్యే మార్గం ఏది?

రైబోజోమ్:
డ్యూపిలుమాబ్ అనే మందు చేసేది అదే. ఐఎల్-4, ఐఎల్-13 సంకేతాలను అడ్డుకుంటుంది. అదనంగా పెరిగిన మక్5ఏసీ తగ్గుతుంది, మక్5బీ తన పని తాను చేసుకుంటుంది.