సమస్య: తంతి మ్రోగదు మ్రోగును దారుఫలక

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం. దారుఫలక అంటే వాద్యంలో తంతుల కింద ఉండే చెక్క పలక. పియానో, హార్ప్సికార్డ్ వంటి మీటల వాద్యాల మీదే పూరించండి. వినడానికి అబద్ధంలా ఉన్న మాటకు కారణం పద్యంలోనే దొరకాలి.

కాకినాడ సభ్యురాలు:
సన్న తీఁగకు గాలిని జరుపు బలము
లేదు, వంతెన మీదుగా నాదమంత
పలకఁ జేరి పియానోన బయలు వెడలు;
తంతి మ్రోగదు, మ్రోగును దారుఫలక.

నిర్వాహకుడు: చాలా బాగుందమ్మా. రెండో పాదంలో ప్రాసయతి హాయిగా కుదిరింది. విషయమూ సరైనదే. వంతెన అంటే తంతుల వణుకును పలకకు అందించే చెక్క పట్టీ. తంతి ఊగినప్పుడు గాలి దాని చుట్టూ జారి వెనక్కి పోతుంది. ప్లగ్గు పెట్టని ఎలక్ట్రిక్ గిటారు ఎంత పీలగా వినిపిస్తుందో చూడండి. వెడల్పాటి పలక దగ్గర గాలికి అంత సులువుగా తప్పుకునే దారి లేదు.

డల్లాస్ సభ్యుడు: 1700 నాటికే ఫ్లారెన్సులో పియానో చేసిన బార్తొలొమెయో క్రిస్టొఫోరిని తలచుకుని రాశాను. ఆయన పియానోలు ఇప్పుడు మూడే మిగిలాయి: 1720, 1722, 1726 నాటివి. పద్యంలో సైప్రసు అంటే ఆ పేరుగల చెట్టు చెక్క.
క్రిస్టొఫోరి పియానోకుఁ గీర్తి యేది?
సుత్తి తట్టిన కంపమ్ము చొచ్చినంత
పలుచ సైప్రసు పలకయే కదలుచుండ
తంతి మ్రోగదు, మ్రోగును దారుఫలక.

నిర్వాహకుడు: మూడో పాదంలో ప, క లకు యతి చెల్లదు. "వణకుచుండ" అనండి. ఆయన అసలు నేర్పు మరొకటుంది. తంతుల బిగువును మోసే పైగోడ వేరు, పలకను పట్టుకునే లోగోడ వేరు. ఆ భారం పలక మీద పడకుండా చూశాడు మహానుభావుడు. అది పద్యంలోకి వస్తే ఇంకా బలం.

డల్లాస్ సభ్యుడు: సవరించుకున్నాను గురువుగారూ: "పలుచ సైప్రసు పలకయే వణకుచుండ". లోగోడ సంగతి కందంలో ప్రయత్నిస్తాను.

విశాఖ సభ్యుడు: నాకు సమస్యతోనే పేచీ. మా అమ్మాయి నేర్చుకునే చోట గ్రాండ్ పియానో కిందికి వంగి పలకకు అరచెయ్యి ఆనించాను. మంద్రస్వరాలకు చెక్క గుమ్ముమని చేతిలోకి పాకింది. పై స్వరాలకు వేళ్ళకేమీ అందలేదు. అయినా ఆ వణుకు ఎవరిచ్చింది?
తంతి మ్రోగదు, మ్రోగును దారుఫలక
యనఁగఁ దగునొక్కొ? తంతియే యసువు గాదె!
పలక కొసఁగిన కొలఁదిని బలము తగ్గి
తాను వేగమె మౌనముఁ దాల్చుచుండు.

కాకినాడ సభ్యురాలు: నా పద్యంలో లేనిది మీరు పట్టుకున్నారు అన్నగారూ. పలక మరీ తేలిగ్గా కదిలితే స్వరం పెద్దగా లేచి చప్పున ఆరిపోతుంది. మరీ బిర్రుగా ఉంటే చాలాసేపు నిలుస్తుంది, కానీ సన్నగా. పలకలు చేసే స్ప్రూసు చెక్కకు నార వెంట ఉన్న గట్టిదనం అడ్డంగా ఉండదు. పలక అడుగున నారకు అడ్డంగా పట్టెలు అతికించేది అందుకే.

నిర్వాహకుడు: సమస్యను మొదటి పాదంలో నిలిపి ఎదురు ప్రశ్న వేయడం నాకు ఎంతో నచ్చింది. ఒక్క సవరణ. "అసువులు" నిత్యబహువచనం. "తంతియే యాత్మ గాదె" అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి.