నాలుగు కాళ్ల మేక నడుము చూసి నా నడుముకు ఆశ పెట్టుకోవచ్చా?

మిషన్ మావయ్య:
నాకు 46 ఏళ్లు, టైలర్ని. ఇరవై ఏళ్లుగా వంగి కుట్టీ కుట్టీ నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య మెత్తలా ఉండే ఎల్4-ఎల్5 డిస్క్ అరిగింది. ఎమ్మారైలో గ్రేడ్ 4, అంటే బాగా అరిగిందని రాశారు. మొన్న మావాడు ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు ల్యాబ్‌లో పెంచిన డిస్క్‌ని మేక మెడలో పెట్టారని 2018లో వచ్చిందట. మేక నాలుగు కాళ్ల మీద నడుస్తుంది కదా, దాని వెన్ను మీద మనకున్నంత బరువెక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

పశువుల డాక్టర్:
చదువుకునే రోజుల్లో నాకూ ఇదే అనుమానం. నులక మంచం బిగించారా ఎప్పుడైనా? నులక లాగేకొద్దీ పట్టెలు లోపలికి ఒత్తుకుంటాయి. మేక వెన్నూ అంతే. పొట్ట బరువుకి కుంగకుండా కండరాలు లాగిపట్టి ఉంచుతాయి, ఆ లాగుడుకి పూసలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. కాబట్టి బరువు సంగతి వదిలేయండి.

అసలు తేడా డిస్క్ మధ్యలో ఉండే జెల్లీలో. పుట్టినప్పుడు అందులో నోటోకార్డ్ కణాలని ఉంటాయి, జెల్లీని బాగా ఉంచేవి అవే. మనకు పదేళ్లు వచ్చేసరికి దాదాపు పోతాయి, పందికి పెద్దయ్యాక కూడా ఉంటాయి. అందుకే పంది డిస్క్ బాగుపడిందంటే నేను వెంటనే నమ్మను. మేకకీ గొర్రెకీ మనలాగే పోతాయి. వాళ్లు మేకను ఎంచుకోవడం తెలివైన పనే.

ఇంకొకటి, డిస్క్ లోపల రక్తనాళాలుండవు. పోషకాలు పూసల వైపు నుంచి మెల్లగా ఇంకాలి. మన నడుము డిస్క్ ఎత్తు సుమారు 11 మిల్లీమీటర్లు, గొర్రెది 4 దాకా. పల్చటి డిస్క్‌లో కణాలు బతకడం తేలిక.

నన్నడిగితే మన డిస్క్ జబ్బుకి డాక్స్‌హండ్ కుక్క మంచి ఉదాహరణ. పొట్టి కాళ్లు, పొడుగు నడుము. ఎఫ్‌జీఎఫ్4 జన్యువు అదనపు కాపీ వల్ల దాని డిస్కులు చిన్న వయసులోనే గట్టిబడతాయని 2017లో తేలింది. సోఫా మీంచి దూకి వెనక కాళ్లు పడిపోయినవాటిని తువ్వాలులో చుట్టి నా దగ్గరికి తెస్తుంటారు. ఆ జబ్బు ఎవరో సూది గుచ్చి తెప్పించింది కాదు, దానంతట అదే వచ్చింది.

ల్యాబ్ పిల్ల:
డాక్టర్ గారి చివరి మాటే ముఖ్యం. పరిశోధన కోసం గొర్రెల్లో అయితే డిస్క్ బయటి వలయాన్ని కత్తితో చీల్చి పాడుచేస్తారు, 1990లో ఆస్ట్రేలియా వాళ్లు అలాగే చేశారు. మేకల్లో జెల్లీని దెబ్బతీసే కాండ్రాయిటినేజ్ అనే ఎంజైమ్ ఎక్కిస్తారు. కొన్ని వారాల్లో పాడైన డిస్క్, ఇరవై ఏళ్లు అరిగిన మీ డిస్క్ ఒకటి కావు మావయ్యా. మీరు చూసిన వార్తలోని మేకలనైతే చూసింది 8 వారాల వరకే. అందుకే ఇలాంటి వార్త కనబడితే నేను ముందు ఏ జంతువు, డిస్క్ ఎలా పాడైంది, ఎన్నాళ్లు చూశారు అని వెతుకుతా.

మిషన్ మావయ్య:
రెండు నెలలేనా! పెళ్లి సీజన్ అంత కూడా లేదే. సరేగానీ, మేకకి నొప్పి తగ్గిందని ఎలా తెలుస్తుంది?

పశువుల డాక్టర్:
అక్కడే చిక్కు. మందలో బతికే జంతువు నొప్పి దాచుకుంటుంది. మేత మానిందా, లేచేటప్పుడు తడబడిందా అని మనమే చూసుకోవాలి. స్కానింగ్‌లో డిస్క్ బాగా కనబడినంత మాత్రాన దాని నడుము నొప్పి పోయిందని కాదు. మీకు నోరుంది కదా! ఈసారి వెళ్లినప్పుడు రిపోర్టు కవర్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. కాలు ఎక్కడిదాకా లాగుతోందో, బొటనవేలు తిమ్మిరిగా ఉందో లేదో చెప్పండి.